ఆయాసానికి భయపడి కూర్చోకండి

(ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధులతో జీవిస్తున్న పెద్దల కోసం, వారి కుటుంబ సభ్యుల కోసం ఒక ఛాతీవైద్య నిపుణుడు చేసిన ప్రసంగ పాఠం. సభకు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. నడిచి వచ్చినవారు ఒక్క నిమిషం ఊపిరి సర్దుకోండి, తొందరేమీ లేదు. ఈలోగా మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు పైకి చెప్పనక్కర్లేదు, మనసులో అనుకుంటే చాలు. రెండేళ్ల కిందట తేలిగ్గా చేసి, ఇప్పుడు ఎవరికీ చెప్పకుండా మానేసిన పనులు ఏవి? పై అంతస్తుకు వెళ్లడం మానేశారా? తోటివారు ముందుకు వెళ్లిపోతున్నారని వాళ్లతో కలిసి నడవడం మానేశారా? ఫోనులో ఎక్కువసేపు మాట్లాడటం మానేశారా? ఎందుకు మానేశారని అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు ఒక్కటే, వయసు మీద పడింది కదా అని.

ఆ జవాబును ఈ రోజు కాస్త అనుమానించమని మిమ్మల్ని కోరుతున్నాను. వయసుతో పాటు ఊపిరితిత్తుల శక్తి తగ్గుతుంది, అది నిజమే. ఇరవై అయిదు, ముప్పై ఏళ్లు దాటిన దగ్గరినుంచి, ఒక సెకనులో బలంగా బయటికి ఊదగలిగే గాలి ఏడాదికి సుమారు 25 నుంచి 30 మిల్లీలీటర్ల చొప్పున తగ్గుతూ వస్తుంది. అయితే ప్రకృతి మనకు ఊపిరితిత్తులను అవసరానికి మించి ఇచ్చింది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి చదునైన నేల మీద తన సొంత వేగంతో నడిచేటప్పుడు ఆగి ఆగి ఊపిరి పీల్చుకోవలసిన అవసరం రాదు. వస్తోందంటే దానికి కారణం ఉంది. అది ఊపిరితిత్తుల్లో ఉండవచ్చు, గుండెలో ఉండవచ్చు, రక్తహీనత కావచ్చు. వయసు అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటే ఆ కారణం దొరకకుండానే ఏళ్లు గడిచిపోతాయి.

ఊపిరితిత్తుల సంగతి తేల్చడానికి స్పైరోమెట్రీ అనే, ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించి కొలిచే పరీక్ష ఉంది. జాన్ హచిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు 1846లోనే ఈ పరికరం గురించి ప్రకటించాడు. గుండెకు రక్తపోటు చూసినంత సులభంగా ఊపిరితిత్తులకు ఈ పరీక్ష చేయవచ్చు, అయినా ఏళ్ల తరబడి ఆయాసంతో తిరిగి, ఒక్కసారి కూడా ఈ గొట్టంలోకి ఊదనివారు ఎందరో నా దగ్గరకు వస్తుంటారు. గట్టిగా ఊదినప్పుడు మొత్తం వచ్చే గాలిలో మొదటి సెకనులో ఎంత వాటా వచ్చిందో చూస్తాం. శ్వాసనాళాలను విప్పార్చే మందు పీల్చిన తర్వాత కూడా ఆ వాటా 0.70 కంటే తక్కువగా ఉంటే, లక్షణాలను కూడా కలిపి చూసుకుని, సీఓపీడీ అంటాం, అంటే శ్వాసనాళాలు ఇరుకై గాలి ధారాళంగా ఆడని దీర్ఘవ్యాధి. పెద్దవారి ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధుల్లో తరచుగా కనిపించేది ఇదే కాబట్టి ఈ రోజు దీని గురించే ఎక్కువగా మాట్లాడతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా ఈ వ్యాధితో 35 లక్షల మంది మరణించారు. పొగతాగడం ప్రధాన కారణం. కట్టెల పొయ్యి పొగ, పనిచేసే చోట దుమ్ము, బాల్యంలో పదేపదే వచ్చిన ఊపిరితిత్తుల జబ్బులు కూడా కారణాలే. అందుచేత జీవితంలో ఒక్క సిగరెట్టు ముట్టనివారు కూడా తమకు ఈ వ్యాధి రాదని అనుకోకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆయాసం వచ్చినప్పుడు మీకేమనిపిస్తుంది? గాలి లోపలికి వెళ్లడం లేదనిపిస్తుంది. అవునా? అందుకని మరింత బలంగా, మరింత తొందరగా పీలుస్తారు. సీఓపీడీలో మొదట చిక్కు వచ్చేది గాలి బయటికి పోవడంలో. గాలి తిత్తుల గోడలు దెబ్బతిని, సాగి తిరిగి ముడుచుకునే గుణం పోవడం వల్ల, చిన్న శ్వాసనాళాలను తెరిచి పట్టి ఉంచే ఆధారం తగ్గిపోతుంది. ఊపిరి వదులుతున్నప్పుడు అవి మధ్యలోనే మూసుకుపోతాయి. పాత గాలి పూర్తిగా బయటికి పోకముందే మనిషి కొత్త గాలి పీలుస్తాడు. మళ్లీ కొంత మిగులుతుంది, మళ్లీ పీలుస్తాడు. నిండిన కుండలో ఇంకా నీళ్లు పోయబోయినట్టు ఉంటుంది పరిస్థితి. ఛాతీ ఉబ్బిపోతుంది, కింద ఉన్న డయాఫ్రమ్ కండరం బల్లపరుపుగా అయిపోయి సరిగా పనిచేయలేకపోతుంది. ఎంత తొందరగా పీలిస్తే అంత ఎక్కువ గాలి లోపల చిక్కుకుపోతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మనం చేయవలసిన పనులు సగం వాటంతట అవే అర్థమవుతాయి.

మొదటిది ఊపిరి వదలడం నేర్చుకోవడం. అందరం కలిసి చేద్దాం. భుజాలు వదులుగా కిందికి జారనివ్వండి. ముక్కుతో మెల్లగా పీల్చండి, మనసులో ఒకటి, రెండు. ఇప్పుడు పెదవులు సున్నా చుట్టి, ఈల వేయబోతున్నట్టు, మెల్లగా వదలండి, ఒకటి, రెండు, మూడు, నాలుగు. బుగ్గలు ఉబ్బించకండి, బలంగా ఊదకండి, గాలిని దానంతట దాన్ని పోనివ్వండి. ఇంకొక్కసారి. వెనక వరుసలో పెద్దావిడ చాలా చక్కగా చేస్తున్నారు, ఆమెను చూడండి. పెదవుల దగ్గర ఇలా కొంచెం అడ్డు పెట్టినప్పుడు లోపలి నాళాల్లో కొంత ఒత్తిడి నిలిచి, అవి మూసుకుపోకుండా ఉంటాయి, చిక్కుకున్న గాలి బయటికి పోతుంది. దీన్ని ఆయాసం లేనప్పుడే సాధన చేయాలి. ఊపిరి అందక గాభరా పడుతున్న నిమిషంలో కొత్త విద్య ఎవరికీ రాదు.

దీన్ని పనిలో ఎలా వాడాలి? కష్టమైన భాగంలో ఊపిరి వదలాలి. మెట్టు ఎక్కేముందు పీల్చండి, కాలు ఎత్తి పైమెట్టు మీద పెడుతున్నప్పుడు వదలండి. కుర్చీలోంచి లేవడానికి ముందు పీల్చండి, లేస్తూ వదలండి. చాలామంది దీనికి విరుద్ధంగా ఊపిరి బిగబట్టి లేస్తారు, లేచాక రెండు నిమిషాలు రొప్పుతారు. స్నానం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సిగ్గుతో ఎవరూ చెప్పరు గాని రోజు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ అలసట స్నానంలోనే అని నాకు ఎందరో చెప్పారు. చేతులు తలపైకి ఎత్తి నీళ్లు పోసుకున్నప్పుడు, ఊపిరికి సాయపడుతున్న భుజాల కండరాలు ఆ పని వదిలి చేతులను మోయవలసి వస్తుంది. వంగి పాదాలు రుద్దుకుంటే పొట్ట డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది. ఆ పైన ఆవిరి. స్నానాల గదిలో ఒక గట్టి స్టూలు వేసుకుని కూర్చోండి, పొడవైన పిడి ఉన్న బ్రష్షు వాడండి, తలుపో కిటికీయో కొంచెం తెరిచి ఉంచండి. తుడుచుకోవడానికి బదులు పెద్ద తువ్వాలు ఒంటికి చుట్టుకుని కాసేపు కూర్చుంటే తడి అదే ఆరిపోతుంది. చూడటానికి చిన్న మార్పులే గాని, రోజూ ఉదయం స్నానంతోనే శక్తి అయిపోయి మంచం ఎక్కే మనిషికి ఇవి మిగిలిన రోజంతటినీ తిరిగి ఇస్తాయి.

రెండవది, నేను ఈ రోజు చెప్పదలచుకున్న వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది, కదలడం. ఆయాసం వస్తుందని నడక తగ్గిస్తాం. నడక తగ్గితే తొడల కండరాలు సన్నబడతాయి. బలహీనమైన కండరం కొద్దిపాటి పనికే అలసిపోయి ఎక్కువ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, ఆ ఆమ్లాన్ని సర్దడానికి ఊపిరితిత్తులు ఇంకా ఎక్కువ గాలి ఆడించాలి. అంటే పోయిన నెల ఇరవై అడుగులకు వచ్చిన ఆయాసం ఈ నెల పదిహేను అడుగులకే వస్తుంది. దాంతో భయం పెరుగుతుంది, నడక మరింత తగ్గుతుంది. ఊపిరితిత్తులు ఉన్నచోటే ఉన్నాయి, స్పైరోమెట్రీలో అంకె మారలేదు, మనిషి మాత్రం వీధి నుంచి గదిలోకి, గది నుంచి మంచం మీదికి చేరాడు. ఆ దారిలో మనిషిని అంత దూరం తోసింది వ్యాధి ఒక్కటేనా? భయం తోసింది. నా మాట నమ్మండి, భయం వ్యాధికంటే తక్కువ పనేమీ చేయదు.

దీనికి మందు ఉంది. దాన్ని పల్మనరీ రిహాబిలిటేషన్ అంటారు, శ్వాస పునరావాసం అనుకోండి. వారానికి రెండు మూడు సార్ల చొప్పున ఆరు నుంచి పన్నెండు వారాల పాటు, శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో నడక, కాళ్లకూ చేతులకూ బలం పెంచే వ్యాయామాలు, ఊపిరి పద్ధతులు, ఆహారం, మందుల వాడకం అన్నీ నేర్పుతారు. ఇది పూర్తి చేసినవారికి స్పైరోమెట్రీ చేస్తే అంకెలు దాదాపు పాతవే వస్తాయి. కాని ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం పెరుగుతుంది, అదే పనికి వచ్చే ఆయాసం తగ్గుతుంది, ఆసుపత్రిలో చేరవలసిన అవసరం తగ్గుతుంది. మళ్లీ చెబుతున్నాను, ఊపిరితిత్తులు బాగుపడకుండానే మనిషి బాగుపడవచ్చు. ఎలా? కాళ్లు బాగుపడటం వల్ల.

అలాంటి కేంద్రం అందుబాటులో లేనివారు ఏం చేయాలి? మీ వైద్యుడితో గుండె పరిస్థితి, రక్తంలో ఆక్సిజన్ సరిచూపించుకుని ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. నడుస్తూ చిన్న చిన్న వాక్యాలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ మీ వేగం. ఆగవలసి వస్తే ఆగండి, గోడకు ఆనుకోండి, ముందుకు కొంచెం వంగి చేతులు తొడల మీద పెట్టుకోండి, పెదవులు సున్నా చుట్టి వదలండి, ఆయాసం తగ్గాక మళ్లీ నడవండి. ఆగడం ఓటమి కాదు. ఈ నడకలో వచ్చే ఆయాసం, మీరు ఆగితే కొన్ని నిమిషాల్లో తగ్గిపోయే ఆయాసం, మీ ఊపిరితిత్తులను పాడుచేయదు. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆపి వైద్యుడికి చెప్పాలి, ఆ సంగతి వేరు.

ఇక్కడ కుటుంబ సభ్యులతో ఒక మాట. నాన్నగారు నీళ్లకోసం లేవబోతే, మీరు కూర్చోండి నాన్నా, నేను తెస్తాను అంటాం. అమ్మ బట్టలు మడతపెట్టబోతే లాక్కుంటాం. ప్రేమతోనే చేస్తాం, నాకు తెలుసు. కాని ఆయన రోజులో ఇరవై సార్లు లేచి కూర్చుంటే అది ఇరవై సార్ల వ్యాయామం. అవన్నీ మనం తీసేసుకుంటే ఆయన కాళ్లకు మిగిలేది ఏమిటి? పక్కన ఉండండి, తొందరపెట్టకండి, ఎక్కువ సమయం పడుతుందని ముందే అనుకోండి, పనిని మాత్రం వాళ్ల చేతిలోంచి తీసుకోకండి.

మందుల దగ్గరకు వద్దాం. ఇన్‌హేలరు అలవాటైపోతుందని, అది చివరి మందని, మాత్రలే మేలని చాలామంది నమ్ముతారు. శ్వాసనాళాలను విప్పార్చే సాల్బుటమాల్ అనే మందునే చూడండి. ఒక మాత్రలో 4 మిల్లీగ్రాములు ఉంటే, ఇన్‌హేలరును ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. మాత్రలో నలభై రెట్లు ఎక్కువ మందు ఉంది, అదంతా పొట్టలోంచి రక్తంలోకి వెళ్లి చేతులు వణికించి, గుండె దడ పుట్టించి, చివరకు కొంత ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇన్‌హేలరు కొద్దిపాటి మందును కావలసిన చోటికే పంపుతుంది. సరిగా పీల్చితేనే సుమా.

ఆ పీల్చడం దగ్గరే తేడా వస్తుంది. నొక్కే రకం ఇన్‌హేలరు అయితే బాగా కుదిపి, ముందు ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులు గట్టిగా మూసి, పీల్చడం మొదలుపెట్టిన క్షణంలో నొక్కి, నాలుగైదు సెకన్ల పాటు మెల్లగా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. పొడి రకం అయితే దీనికి పూర్తి వ్యతిరేకం, ఒక్క పట్టున వేగంగా, లోతుగా పీల్చాలి, ఎందుకంటే పొడిని విడగొట్టే శక్తి మీ పీల్పులోంచే రావాలి. ఒకే మనిషి దగ్గర ఈ రెండు రకాలూ ఉంటే, రెండింటినీ ఒకేలా పీల్చితే, ఒకటి తప్పక వృథా అవుతుంది. కీళ్లనొప్పులతో వేళ్లు వంగనివారికి నొక్కడం కష్టం, బాగా నీరసించినవారికి పొడిని లాగేంత బలం ఉండదు. ఇది మీ వైద్యుడికి చెప్పి రకం మార్పించుకోండి. నొక్కే రకానికి స్పేసరు, అంటే మందును కాసేపు పట్టి ఉంచే బోలు గొట్టం, తగిలిస్తే నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో కుదరాలన్న బాధ ఉండదు. ఒక్కసారి నొక్కి పీల్చండి, రెండో మోతాదు మళ్లీ విడిగా నొక్కండి. స్పేసరును సబ్బునీటితో కడిగి గాలికి ఆరనివ్వండి, గుడ్డతో తుడిస్తే లోపల పుట్టే విద్యుదావేశానికి మందు గోడలకే అంటుకుపోతుంది. స్టెరాయిడు కలిసిన మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది.

ఆక్సిజన్ గురించి అపోహలు ఇంకా ఎక్కువ. ఎవరికి మేలు చేస్తుందో మనకు స్పష్టంగా తెలుసు. 1981లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయినవారిలో రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ తీసుకున్న 42 మందిలో 19 మంది అయిదేళ్లలో మరణించగా, తీసుకోని 45 మందిలో 30 మంది మరణించారు. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు కూడా, వేలికి తగిలించే పరికరంలో చూస్తే ఆక్సిజన్ 88 శాతమో అంతకంటే తక్కువో నిలకడగా ఉన్నవారికి ఇది ఆయుష్షు పెంచే చికిత్స. రోజుకు గంటసేపు పెట్టుకుని తీసేస్తే ఆ ఫలితం రాదు. మరోవైపు, ఒక మోస్తరుగా మాత్రమే తగ్గినవారికి ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చినా ఆయుష్షులోగాని, ఆసుపత్రి చేరికల్లోగాని తేడా రాలేదని 2016లో 738 మందిపై జరిగిన అధ్యయనం తేల్చింది. ఆయాసం వేరు, ఆక్సిజన్ తగ్గడం వేరు. ఆక్సిజన్ 95 శాతం ఉండి కూడా తీవ్రమైన ఆయాసం ఉండవచ్చు. అలాంటివారికి ముఖానికి, ముక్కు, బుగ్గల మీదికి, చిన్న చేతిఫ్యాను గాలి తగిలేలా పెట్టుకుంటే ఉపశమనం కలుగుతుంది. ఇది పరిశోధనల్లో నిరూపితమైన సంగతి.

ఇంట్లో ఆక్సిజన్ యంత్రం ఉన్నవారు, ఆయాసం ఎక్కువైందని మీటను మీ అంతట మీరు పెంచకండి. సీఓపీడీ ఉన్న కొందరిలో ఆక్సిజన్ ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తుగా అయిపోతారు. చాలామందికి 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సు సిబ్బంది ఈ హద్దులో ఉంచి ఆక్సిజన్ ఇచ్చినప్పుడు, ఎక్కువగా ఇచ్చినప్పటితో పోలిస్తే మరణాలు సగానికి పైగా తగ్గాయని 2010లో వెల్లడైంది. ఇంకొక మాట, ఆక్సిజన్ నడుస్తున్న గదిలో సిగరెట్టు, అగ్గిపుల్ల, స్టవ్వు ఉండకూడదు. ముక్కు ఎండిపోతుందని పెట్రోలియం జెల్లీ రాయకండి, నీటితో చేసిన జెల్ వాడండి.

పొగతాగేవారు ఈ సభలో ఉంటే, వారిని ఎవరూ మందలించనక్కర్లేదు, నేనూ మందలించను. 1977లో ఫ్లెచర్, పీటో అనే పరిశోధకులు లండన్‌లోని పనివారిని ఎనిమిదేళ్లు గమనించి ప్రకటించిన సంగతి మాత్రం చెబుతాను. మానేసినంత మాత్రాన పోయిన శక్తి తిరిగి రాదు, కాని అక్కడినుంచి తరుగుదల వేగం పొగతాగనివారి స్థాయికి దగ్గరవుతుంది. ఈ వయసులో మానేసి ఏం లాభం అని అడిగేవారికి నా జవాబు ఇదే: మిగిలింది తక్కువైనప్పుడు దాన్ని కాపాడుకోవడం మరింత అవసరం.

వ్యాధి ముదిరే రోజులను గుర్తుపట్టడం ఇంట్లో అందరికీ తెలియాలి. ఆయాసం మామూలు కంటే పెరగడం, కఫం ఎక్కువ కావడం, తెల్లటి కఫం పచ్చగానో ఆకుపచ్చగానో మారడం, వీటిలో ఏది కనిపించినా వారం వేచి చూడకండి, ఆ రోజో మర్నాడో వైద్యుడికి చెప్పండి. ఇలాంటి ఒక్కొక్క దాడి కొంత శక్తిని తీసుకుపోతుంది, కొంతమంది తిరిగి పాత స్థాయికి ఎప్పటికీ రారు. అవసరమైనప్పుడు చాలామందికి అయిదు రోజుల స్టెరాయిడు మాత్రలు సరిపోతాయి, పాత చీటీ చూసి నెలల తరబడి వాడుకోవడం ఎముకలకూ కండరాలకూ చేటు. పెదవులు నీలంగా మారినా, మనిషి మత్తుగా ఉన్నా, మాట పొంతన తప్పినా అది ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లవలసిన సమయం. ఏటా ఫ్లూ టీకా, వైద్యుడు చెప్పిన ప్రకారం న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకాకల్ టీకా తీసుకోవడం ఈ దాడులను తగ్గించే సులభమైన మార్గం.

సీఓపీడీ కాకుండా ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఫైబ్రోసిస్ ఉన్నవారు కూడా ఇక్కడ ఉన్నారని తెలుసు. మీకు చిక్కు గాలి బయటికి పోవడంలో ఉండదు, ఊపిరితిత్తి సాగకపోవడంలో ఉంటుంది, కాబట్టి ఇన్‌హేలర్లు సాధారణంగా ఉపయోగపడవు. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అనే మందులు వ్యాధిని నెమ్మదింపజేస్తాయి. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ బాగానే ఉండి నడిచేటప్పుడు పడిపోవడం మీలో ఎక్కువ, అందుకని నడిపించి కొలవమని అడగండి. కదలిక గురించి చెప్పినదంతా మీకూ వర్తిస్తుంది.

చివరగా, ఇళ్లలో ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఎత్తుతాను. వ్యాధి బాగా ముదిరినప్పుడు ముఖానికి మాస్కు పెట్టి ఊపిరికి సాయం చేసే యంత్రం సరేనా? గొంతులో గొట్టం వేసే వెంటిలేటరు కావాలా, వద్దా? మీ తరఫున ఎవరు మాట్లాడాలి? అత్యవసర విభాగం తలుపు దగ్గర నిలబడి, ఏడుస్తూ, పిల్లలు ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ భారం వాళ్ల మీద పెట్టవద్దు. ఆరోగ్యం నిలకడగా ఉన్న రోజున, కూర్చుని, మీరే చెప్పండి. పిల్లలూ, అలాంటి మాటలు ఎందుకు నాన్నా అని నోరు మూయించకండి, వినండి. బాధను తగ్గించడానికి చేసే ఉపశమన వైద్యం అంటే చేతులెత్తేయడమని కూడా అనుకోకండి. మిగిలిన చికిత్సలతో పాటే దాన్ని మొదలుపెట్టవచ్చు. వేరే దేనికీ లొంగని ఆయాసానికి, వైద్యుడి పర్యవేక్షణలో, అతి తక్కువ మోతాదు మార్ఫిన్ ఇచ్చి చూసే మార్గం కూడా ఉంది, అది కొందరికి ఊరటనిస్తుంది.

నేను చెప్పవలసినది చెప్పాను. ఇన్‌హేలర్లు వెంట తెచ్చుకున్నవారు ఒక్కొక్కరుగా ఈ బల్ల దగ్గరకు రండి, ఇంట్లో ఎలా పీలుస్తారో అలాగే పీల్చి చూపించండి, తేడా ఉంటే ఇక్కడే సరిచేద్దాం. కుటుంబ సభ్యులు కూడా పక్కనే నిలబడి చూడండి. ముందు వరుసవారితో మొదలుపెడదాం.